బండి పక్కనే పెట్టుకుని ఫోన్

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. ఖాకీ చొక్కా వేసుకున్న నన్ను చూస్తే మంట దానంతటదే భయపడి ఆరిపోతుందని. ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం వచ్చి అప్పటికి రెండు నెలలే. ఆర్పిన మంటలన్నీ శిక్షణలో మేమే వెలిగించుకున్నవి. అయినా నా నడక మారిపోయింది. (మా అమ్మ "నడుం పట్టేసిందేంట్రా?" అని కర్పూరం నూనె కాచి తెచ్చింది.)

ఆ ఊపులోనే రావులపాలెం దగ్గర ఓ ఊరి చర్చి ఆవరణలో, గ్యాస్ సిలిండర్ అంటుకుంటే ఏం చెయ్యాలో చూపించడానికి వెళ్లాం. మా స్టేషన్ పెద్దాయన, డ్రైవరు బాబాయి, నేను. చూపించే పని నాది. "ముందు మాకు ఫోన్ చెయ్యాలండి. తర్వాత గోనెసంచి తడిపి, అంచుల్లో చేతులు దాచుకుని, గాలి వీపుకి తగిలేలా నిలబడి సిలిండర్ మీద కప్పెయ్యాలి. ఆనక రెగ్యులేటర్ కట్టెయ్యాలి" అంటూ చేసి చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. బుట్టలల్లుకుని బతికే ఓ పెద్దావిడ (ఊరందరికీ బుట్టల మామ్మ) లేచి, "నేనూ ఓసారి కప్పి చూస్తాను బాబూ" అంది. "మీకెందుకండీ మామ్మగారూ, దూరంగా కూర్చోండి. ఇది మీవల్ల అయ్యే పని కాదు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నం మాకు అక్కడే భోజనాలు. చర్చి వెనక, మామ్మ తాటాకింటిని ఆనుకుని ఉన్న పాకలో వంట. విస్తళ్ల ముందు కూర్చుని పులుసు పోయించుకుంటుంటే పాకలోంచి "మంట! మంట!" అని కేకలు. ఎంగిలి చేతుల్తోనే పరిగెత్తాం. సిలిండర్ మూతి దగ్గర లేచిన మంట చూరు వైపు ఎగబాకుతోంది. చూరు అంటుకుంటే మామ్మ ఇల్లు మిగలదు. ఆవిడకున్నది ఆ ఇల్లొక్కటే. పెద్దాయనా బాబాయీ గొట్టం తేవడానికి రోడ్డు మీదున్న బండి వైపు పరిగెడుతూ, "నువ్వు గోనె వెయ్యరా!" అని అరిచారు. నేనేం చేశానయ్యా అంటే, జేబులోంచి ఫోన్ తీసి మా స్టేషన్‌కి కొట్టాను.

"సార్, అర్జెంటుగా బండి పంపండి సార్!"

"ఎవరూ, నువ్వా? బండి నీ దగ్గరే ఉంది కదరా!"

నేను తేరుకునేసరికి ఆడవాళ్లు చేతిపంపు దగ్గర్నుంచి వరసగా నిలబడి బిందెలు అందించుకుంటూ చూరు తడిపేస్తున్నారు. ఇద్దరు మగవాళ్లు మామ్మ ఇంటి కప్పెక్కి పాక వైపు తాటాకులు పీకేస్తున్నారు. బుట్టల మామ్మ నీళ్లోడుతున్న గోనెసంచిలో చేతులు దాచుకుని, "గాలెటుందే?" అని అడిగింది. "ఇటు రా పిన్నీ, ఇటు!" అన్నారెవరో. ఆవిడ కప్పింది. వంటావిడ రెగ్యులేటర్ కట్టేసింది. మంట పోయింది, ఇల్లు నిలబడింది.

పెద్దాయన గొట్టం లాక్కుంటూ వచ్చి, "ఎవరార్పారు?" అన్నారు. నా చేతిలో ఫోన్ ఇంకా "హలో, హలో" అంటూనే ఉంది. సిగ్గుతో నేల చూశాను. మామ్మ ఒక్క మాటంటే నా పరువు గోదాట్లో కలిసేది.

"మీ కుర్రాడు చెప్పినట్టే చేశామండి. ముందు ఫోన్ చెయ్యాలన్నాడు, అది తనే చేశాడు. మిగతాది మేం చేశాం" అంది మామ్మ, చెంగుతో చేతులు తుడుచుకుంటూ. ఆనక నా వైపు తిరిగి, "వెళ్లి అన్నం తిను బాబూ, పులుసు చల్లారిపోతోంది" అంది.

ఇప్పుడు కుర్రాళ్లకి నేర్పేది నేనే. ఆ తర్వాత చాలా మంటలే ఆర్పాను గానీ, గర్వంగా చెప్పుకునేది మాత్రం నేను ఆర్పని ఆ మంట గురించే. ఏ ఊరెళ్లినా మొదటి గోనెసంచి ముందు వరసలో కూర్చున్న మామ్మగారి చేతికే ఇస్తాను. కొత్తగా చేరిన కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వనీ, వాళ్లకింకా రెండు నెలలే కదా!