మామగారి విస్తట్లోకి రాని పండుమిరప పచ్చడి

ఈ పొద్దున బాపట్ల నుంచి వంటాయన ఫోన్ చేసి, ఎల్లుండి మీ అత్తగారి తద్దినానికి మిరియాలు వేయమంటారా, పచ్చిమిర్చి వేయమంటారా, ఈ రోజుల్లో చాలామంది మిర్చే వేయించుకుంటున్నారండి అన్నాడు. ఉప్పెంత అని అడిగినంత మామూలుగా అడిగాడు పాపం. కనుక్కుని చెబుతానన్నాను గానీ, కనుక్కోవడానికి ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళెవరున్నారు?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను రేపల్లె నుంచి ప్యాసింజర్ బండిలో తెనాలి వెళ్ళి, పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పి వస్తుండేదాన్ని. ఆ మాఘమాసంలో మామగారి మొదటి తద్దినం వచ్చింది. మామగారి సంగతి వీధంతా ఎరుగుదురు, వేడన్నంలో పండుమిరప పచ్చడి, పైన ఇంత నెయ్యి పడందే ఆయనకి ముద్ద దిగేది కాదు. అత్తగారికి అంత కారం పడదు, అయినా ఏటా జాడీ నిండా పెట్టేవారు.

తద్దినం వంటలో మిరపకాయ వేయకపోవడం మా ఇంటి ఆచారం. తన అత్తమామల తద్దినాలకి అత్తగారు ఏనాడూ ఎందుకని అడక్కుండా మిరియాలు దంచి వండారు. ఈసారి విస్తరి తన భర్తది. పచ్చడి వేయకపోతే ఆయన అర్ధాకలితో లేచి వెళ్ళిపోతారని ఆవిడ బెంగ.

తద్దినం పెట్టించేది మామగారి తమ్ముడే. మిరపకాయ మనది కాదు వదినా, ఓడలెక్కి పరాయిదేశం నుంచి వచ్చింది, పితృదేవతలు ముట్టరు అన్నారాయన. గుంటూరు జిల్లా మనిషితో మిరపకాయ మనది కాదంటే ఎవరు నమ్ముతారండీ? అత్తగారూ నమ్మలేదు. సాయంత్రం నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే నిజమా అని అడిగారు. నిజమే అత్తయ్యా, పోర్చుగీసువాళ్ళు తెచ్చారు, అంతకుముందు మన కారమంతా మిరియాలదే అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఇక మొదలైంది. టొమాటో? బయటిదే. బంగాళాదుంప? బయటిదే. జామకాయ, జీడిపప్పు, చివరికి పొద్దున్నే తాగే కాఫీ? అన్నీ అంతే. చింతపండు దగ్గరికొచ్చేసరికి నేనే తడబడ్డాను. అదీ ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు, ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియదు, మా ఇంట్లో తద్దినం చారులో మాత్రం నిక్షేపంగా మరుగుతుంది. ఏది మనదో ఏది కాదో, పాఠం చెప్పే నాకే అయోమయమైపోయింది.

చినమామగారు మళ్ళీ వచ్చినప్పుడు అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అడిగారు.

"నేనూ బాపట్ల నుంచి మీ ఇంటికొచ్చినదాన్నేగా నాయనా. గోత్రం మార్చి, నా చేత్తోనే మీ పెద్దలకి వండించారు. ఆ మిరపకాయ ఇంకెన్నేళ్ళుంటే మనదవుతుందో చెప్పు."

ఆయన కండువా సర్దుకుని, ఆచారం వదినా, పెద్దలు పెట్టింది అంటూ ఏదో గొణిగారు. ఆయనకీ తెలియదని ముఖం చూస్తే తెలిసిపోయింది.

చివరికి ఆచారమే నెగ్గింది. మిరియాలూ అల్లంతోనే వంటయింది. మర్నాడు మాత్రం అత్తగారు మామగారి పీట వాల్చి, ఆకులో వేడన్నం, పండుమిరప పచ్చడి, నెయ్యి వడ్డించి, కాసేపు చూస్తూ నిలబడి, తనే కూర్చుని ఆకు ఖాళీ చేశారు. కళ్ళూ ముక్కూ కారిపోతున్నా మంచినీళ్ళు వద్దన్నారు. అది కారానికో దుఃఖానికో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఇప్పుడు చినమామగారూ లేరు. వంట బయటివాళ్ళ చేతికెళ్ళిపోయింది, వద్దనేవాళ్ళూ లేరు, ఎందుకు వద్దని నిలదీసేవాళ్ళూ లేరు. ఏ కాయ ఏ దేశానిదో ఫోన్ నొక్కితే చెబుతుంది. వంటాయనకి మిరియాలే వేయమని చెప్పేశాను. తద్దినం మర్నాడు అత్తగారి పీట కూడా వాల్చి, ఆవిడకి ఇష్టమైనదేదో నా చేత్తో వడ్డిద్దామనుకుని, కావలసినవి ఉన్నాయో లేదో చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళాను. మామగారికేం ఇష్టమో వీధంతా ఎరుగుదురు. అత్తగారికేం ఇష్టమో, ఆవిడ చేతి వంట అన్నేళ్ళు తిన్న నాకు ఎంత ఆలోచించినా తట్టడం లేదు.