చింపని ఉత్తరం

ఆదివారం ఉదయం పదీ ఇరవైకి మా అమ్మాయి అల్మరా పై అరలోంచి ఇన్‌లాండ్ లెటర్ల కట్ట దించింది. వాళ్ళమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. అవి, ఢిల్లీ ద్వారకలో ఈ ఫ్లాట్ కొనడానికి చాలా ముందు, పెళ్ళయిన కొత్తలో, నేను మునిర్కాలో అద్దె గదిలో ఉండి చదువుకునేటప్పుడు నా భార్య కాకినాడ నుంచి రాసినవి.

అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. "నువ్వు చదువు, నేను వింటా" అని నేలమీద కూర్చుంది.

నా భార్య చేతిరాత గుండ్రంగా ఉండేది. తలకట్టు పెట్టేటప్పుడు కూడా తొందరపడేది కాదు. చోటు అయిపోతే అంచుల్లో నిలువుగా రాసేది. అది చదవడానికి నేను కాగితం తిప్పుతుంటే అమ్మాయి నవ్వింది.

"మమ్మీ వాట్సాప్‌లో కూడా ఇంతే. ఖతమే అయ్యేది కాదు."

ఐదో ఉత్తరం అలా లేదు. అక్షరాలు చిన్నవి. వరసలు కుడివైపుకి దిగిపోయాయి. అంచులు ఖాళీ. ఒకచోట కలం కాగితంలోకి దిగింది. "ఇక్కడంతా క్షేమం" అని, అందులో లేని మాట చదివి మడిచాను.

"నాన్నా, ఏక్ మినిట్. ఆరు లైన్లున్నాయి. నువ్వు ఒక్కటే చదివావు."

"అదే మళ్ళీ మళ్ళీ రాసింది."

"అచ్ఛా? అయితే ఆరూ ఒకేలా ఉండాలి కదా."

చదవడం రాదు కదా అనుకున్నాను. చూస్తుందని అనుకోలేదు.

ఆ సంగతి అమ్మాయికి చెప్పొద్దన్నది వాళ్ళమ్మే. ఇప్పుడు అడుగుదామంటే తను లేదు. మడత విప్పి చదివాను.

"బాబు పుట్టాడు. రెండు రోజులున్నాడు. పేరు పెట్టలేదు. టెలిగ్రాం ఇవ్వొద్దని నేనే చెప్పాను, పరీక్షలు వదిలి రాకండి. చావు కబురు కదా అని దీన్ని చింపకండి. వాడి గురించి ఇంకెక్కడా రాసి లేదు."

మా వైపు చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని చదివిన వెంటనే చింపేసేవారు. ఇంట్లో ఉంచేవారు కాదు.

'బాబు' అన్న మాట ఎక్కడుందో చూపించమంది అమ్మాయి. చూపించాను. దానిమీద వేలు పెట్టి ఉంచింది.

"వెళ్ళావా?"

"లేదు. పరీక్షలు రాశాను."

"జవాబు?"

"వారం తర్వాత రాశాను."

"ఏం రాశావు?"

గుర్తులేదని చెప్పాను. అది నిజమే. నా ఉత్తరాలు ఆ అరలో లేవు.

నా భార్య ఢిల్లీ వచ్చాక, అమ్మాయికి చెప్పొద్దన్న ఆ ఒక్క మాట తప్ప, ఆ బాబు గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. దూరంగా ఉన్నప్పుడు రాయగలిగినది, ఒకే ఇంట్లో ఉండి అనలేకపోయాం. ఉత్తరాలూ మానేశాం. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఉత్తరం రాయరు.