ఐసు దేశానికి రెండో స్థానం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకు చెడ్డ కబురు ఏదీ చెప్పేవాళ్ళు కాదు. అది మా మీద ప్రేమేనని వాళ్ళ వయసుకు వచ్చాక నాకు తెలిసింది. కానీ అప్పుడు మాత్రం, తలుపు దగ్గరగా వేసుకుని వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే, బయట నిలబడి, తలుపు తీసుకుని వచ్చేవాళ్ళ ముఖాలు చూసి ఏమై ఉంటుందో ఊహించుకోవడమే మా పని.

మాది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఉమ్మడి కుటుంబం. మా అవ్వకు జబ్బు ముదిరినప్పుడు నన్నూ మా తమ్ముణ్ణీ ఎమ్మిగనూరులో మా మేనత్త ఇంటికి పంపించారు. తిరిగి వచ్చేసరికి నడవలో అవ్వ మంచం లేదు. అవ్వ ఏదని అడిగితే మంత్రాలయం పోయింది, వస్తుందిలే అన్నారు. నేను చాలాకాలం స్టేషన్ నుంచి వచ్చే ప్రతి జట్కాలోకీ తొంగి చూసేదాన్ని. చివరికి ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. అర్థమైన సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి ఎమ్మిగనూరు పేరు వింటేనే నాకు భయమేసేది. పాపం, ఆ ఊరు చేసిన తప్పేమీ లేదు. మా మేనత్త కూడా నన్ను ఎంతో బాగా చూసుకునేది.

మరుసటి ఏడాది, ఊళ్ళోకి పత్తి బండ్లు వరసకట్టి వచ్చే కాలంలో మా తమ్ముడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఎంతకీ దిగకపోయేసరికి డాక్టరును పిలిపిస్తే విషజ్వరం అన్నాడు. వాణ్ణి వెనక గదిలో పడుకోబెట్టి పిల్లలెవరూ ఆ వైపు పోకూడదన్నారు. అమ్మ ఆ గదిలోనే ఉండిపోయింది. సోడా అంగడి నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ వచ్చేది. దాన్ని పగలగొట్టి, గుడ్డలో మూటకట్టి వాడి నుదుటి మీద పెట్టేవాళ్ళు. పెదనాన్న, నాన్న మా పత్తి మిల్లుకు పోయి వచ్చి కాళ్ళు కడుక్కుని, ఆ గది గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే ఆస్ట్రేలియాలో ఒలింపిక్ ఆటలు మొదలుకాబోతున్నాయి. మా తాతయ్య వ్యాపారం కొడుకులకు అప్పగించి, మద్రాసు నుంచి రైల్లో వచ్చే ఇంగ్లీషు పేపరు చదువుకుంటూ అరుగు మీద కాలం గడిపేవాడు. ఇల్లంతా బిగుసుకుపోయి ఉండటం చూసి, మా కోసమే అనుకుంటాను, ఒక ఆట పెట్టాడు. ఇంట్లో పిల్లలందరూ తలా ఒక దేశం కోరుకోవాలి. ఆటలు అయ్యేదాకా ఆ దేశం వాళ్ళదే. ఏ దేశం ఏం గెలిచిందో తాతయ్య రోజూ చదివి చెబుతాడు.

మా పెదనాన్న కొడుకులిద్దరిలో పెద్దన్న రష్యా తీసుకున్నాడు, చిన్నన్న అమెరికా. నేను హాకీ ఉంది కదా అని మన దేశం తీసుకున్నాను. తాతయ్య లేచి వెనక గది వైపు నడిచాడు.

"యాడికి తాతా?" అన్నాడు పెద్దన్న.

"తమ్మున్ని అడగొద్దా?"

"వానికి జొరం గదా. వాడేం ఆడతాడు?"

"పండుకున్నోడు ఇంట్లో లెక్క కాదా ఏందిరా?" అన్నాడు తాతయ్య, వెనక్కి తిరక్కుండానే.

ఆ గది కిటికీ దగ్గర బయటే నిలబడి పేపర్లోని దేశాల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. మేము దూరంగా నడవలోనే ఆగిపోయాం. ఐస్‌లాండ్ అనగానే నీరసమైన గొంతు ఒకటి వినపడింది.

"ఐసు దేశం నాకు."

అన్నలిద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. వాడు కాలిపోతున్న ఒంటితో చల్లని పేరు విని కోరుకున్నాడు. ఆ దేశానికి జనమే పెద్దగా లేరని, మన తాలూకా అంత కూడా ఉండరేమోనని తాతయ్యే చెప్పాడు. ఆటలు మొదలైన మర్నాడు పేపరు చూసి, ఐస్‌లాండ్ నుంచి పోటీకి వచ్చింది ఇద్దరేనని కూడా చెప్పాడు. అంత పెద్ద మైదానంలో అన్ని దేశాల గుంపుల మధ్య ఒక జెండా, దాని వెనక ఇద్దరు మనుషులు. నాకు తెలియకుండానే ఆ ఇద్దరినీ మా తమ్ముడినీ ఒక్కటి చేసుకున్నాను. వాళ్ళకేదైనా దొరికితే వీడు లేస్తాడు. దొరక్కపోతే... ఆ మాట మనసులో కూడా పూర్తి చేసేదాన్ని కాదు.

రోజూ మధ్యాహ్నం పేపరు రాగానే అన్నలు అరుగు మీదికి పరుగెత్తేవాళ్ళు. రష్యాకు ఇన్ని, అమెరికాకు ఇన్ని అని కేకలు. మన హాకీ వాళ్ళు గోల్స్ కురిపిస్తున్నా నా చెవికెక్కేది కాదు. "ఐస్‌లాండ్‌ది ఏమన్నా ఉందా తాతా?" అని అడిగేదాన్ని. ఆయన పేపరు పైనుంచి కిందిదాకా చూసి, "ఈ పొద్దు ఏమీ లేదు పాపా" అనేవాడు. తర్వాత కిటికీ దగ్గరికి పోయి తమ్ముడికీ అదే మాట చెప్పి వచ్చేవాడు.

ఒక సాయంత్రం బస్సు దిగి మా మేనత్త వచ్చింది. నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

"పొద్దున్నే పోదాం పాపా మా ఊరికి. ఆడ మగ్గాలు సూపిస్తా. నీకు మంచి పరికిణీ గుడ్డ నేయిస్తా."

"తమ్ముడు?"

"వానికేమమ్మా, బాగుండాడు. రేపో మాపో లేస్తాడు."

ఆమె నా కళ్ళలోకి చూడకుండా చెప్పింది. అవ్వ మంచం ఉండిన చోటు వైపు నా చూపు దానంతటదే పోయింది. ఆ రాత్రి అన్నం నోట పెట్టలేకపోయాను.

తెల్లవారి నాకు ఒళ్ళు వెచ్చగా ఉందన్న అనుమానం వచ్చి ప్రయాణం సాయంత్రానికి మార్చారు. నిజానికి రాత్రంతా ఏడ్చి అట్లా అయ్యాను. మధ్యాహ్నం పేపరు వచ్చింది. నేను అరుగు మీదికి పోలేదు. తాతయ్యే నన్ను వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు.

"పాపా, ఐస్‌లాండ్‌కు రెండో స్థానం వచ్చింది. కుంటి, అంగేసి, దూకే పందెం ఉంటాది సూడు, దాంట్లో. ఇంకోమాట. తమ్మునికి రాత్రి జొరం దిగింది."

రెండు మంచి మాటలు ఒక్కసారే! నాకు సంతోషం రాలేదు. ఇన్నాళ్ళూ లేని ఐస్‌లాండ్ నేను ఊరికి పోయే రోజే ఎట్లా గెలిచింది? నన్ను ఏడవకుండా బస్సెక్కించడానికే తాతయ్య కల్పించి చెబుతున్నాడని అనుకున్నాను. ఐస్‌లాండ్ మాట అబద్ధమైతే జ్వరం మాట కూడా అబద్ధమే.

తాతయ్య లోపల కాఫీ తాగుతుంటే అరుగు మీద పేపరు తీసుకుని పక్కింట్లోకి పరుగెత్తాను. పక్కింటి అక్క హైస్కూలు పూర్తిచేసింది. వాళ్ళ నాన్న బడిపంతులు. అక్క తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటూ ఉంది. పేపరు ఆమె ఒళ్ళో పెట్టి, "ఐస్‌లాండ్ అని ఎక్కడన్నా ఉందా చూడక్కా" అన్నాను.

అక్క తడిజుట్టు వెనక్కి వేసుకుని వెతికింది. హాకీ గురించి పెద్ద అక్షరాలున్నాయి. పరుగు పందేల బొమ్మలున్నాయి. ఆమె వేలు వెంటే నా కళ్ళూ మెల్లగా కిందికి జరిగాయి. అడుగున చిన్న అక్షరాల దగ్గర వేలు ఆగింది.

"ఇదో, ఈడుంది. ఫస్టు బ్రెజిలు. రెండోది ఐస్‌లాండ్. మూడోది రష్యా. ఐస్‌లాండ్ ఆయప్ప కొంచెంసేపు అందరికంటే ముందున్నాడంట. ఏం పాపా, ఎందుకేడుస్తాండావు?"

నేను తల ఎత్తేసరికి గుమ్మంలో తాతయ్య ఉన్నాడు. పేపరు కోసం వచ్చినట్టున్నాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరింటికి పోయినా నిలబడే మాట్లాడి వచ్చే మనిషి.

"నేను సెప్తే నమ్మలేదా పాపా?"

అక్క ఒళ్ళోంచి పేపరు తీసి ఆయనకిచ్చాను. "అవ్వ మంత్రాలయం పోయిందంటిరి గదా."

తాతయ్య ముఖం నేనింతవరకూ మరిచిపోలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"ఆ మాట నేననలేదు. వాళ్ళంటాంటే ఊరుకున్నా. అనేది, ఊరుకునేది రెండూ ఒకటే. మీ అవ్వ ఈడ్నే, ఇంట్లోనే సచ్చిపోయింది పాపా. మీరిద్దరూ యాడుండారని కూడా అడిగింది."

పక్కింటి అక్క తల వంచుకుంది. నాకు తెలిసిన సంగతే అది. అయినా ఒక పెద్దమనిషి నోటితో విన్నాక, ఏడాదిగా ఒక్కదాన్నే మోస్తున్న బరువును ఇంకొకరు వచ్చి అందుకున్నట్టనిపించింది.

"ఇంగ తమ్ముని సంగతి. అబద్ధం సెప్పేటోన్నైతే ఐస్‌లాండ్‌కు మొదటి స్థానమే వచ్చిందని సెప్పనా? రెండోదని యాల సెప్తా? రెండోది వచ్చింది కాబట్టి రెండోదన్నా. జొరం గూడా అంతే. దిగింది. సాయంత్రానికి మల్లా కొంచెం రావచ్చునని డాక్టరన్నాడు. ఇంగా శానా దినాలు లేయకూడదు. కానీ గండం దాటినాడు. ఎంతుందో అంతే సెప్తాండా. రా, నీ కండ్లతోనే సూడు."

నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయాడు. మేనత్త అడ్డం వచ్చి, "వద్దు నాయినా, పిల్లకు అంటుకుంటే..." అంది. "గుమ్మం దాటదులేమ్మా" అన్నాడు. నన్ను వెనక గది గుమ్మం దగ్గర నిలబెట్టాడు.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తమ్ముడు చెక్కిళ్ళు పీక్కుపోయి, కళ్ళు మాత్రమే పెద్దవిగా కనిపించాడు. కానీ ఆ కళ్ళు నన్ను చూశాయి, గుర్తుపట్టాయి.

"ఒరే, నీ ఐసు దేశం రెండోది వచ్చిందిరా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అన్న రష్యా?"

"మూడోది."

వాడి పెదవులు ఒక పక్కకు సాగాయి. అది నవ్వని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది. తర్వాత వాడు కొంచెం చిరాగ్గా అన్నాడు.

"అక్కా, ఆకలైతాంది. అన్నం పెట్టమని సెప్పు."

అమ్మ ఉలిక్కిపడి లేచింది. ఏమన్నావు, ఏమన్నావు నాయినా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆకలి అని వాడు గట్టిగా అన్నాడు. జ్వరం వచ్చిన తర్వాత వాడి నోట ఆ మాట రావడం అదే మొదలట. అమ్మ నవ్వుతూ ఏడుస్తూ మేనత్త భుజం మీద వాలిపోయింది. పెద్దమ్మ వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చింది. వాడికి అన్నం పెట్టలేదు, పలచటి బార్లీ నీళ్ళే ఇచ్చారు. వాడు అలిగాడు. ఆ అలక చూసి ఇల్లంతా మురిసిపోయింది. నాన్నను పిలుచుకురావడానికి అన్నలిద్దరూ మిల్లుకు పరుగెత్తారు. రష్యా ఓడిపోయిన సంగతి పెద్దన్నకు గుర్తే లేదు.

ఆ సాయంత్రం నేను మేనత్తతో ఎమ్మిగనూరు పోయాను. ఎవరూ బలవంతపెట్టలేదు. "ఉంటావా, పోతావా?" అని తాతయ్య నన్నే అడిగాడు. పోతానన్నాను. బస్సు ఊరు దాటకముందే మేనత్త ఒళ్ళో నిద్రపోయానట. తిరిగి వచ్చేసరికి తమ్ముడు నడవలో దిండ్లకు ఆనుకుని కూర్చుని, మెత్తటి అన్నం చాలలేదని అమ్మతో కొట్లాడుతున్నాడు.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. మా కూతురి రెండో కాన్పు కష్టమై ఆసుపత్రిలో అందరం వరండాలో కూర్చున్న రోజున, పెద్ద మనవరాలు నా కొంగు పట్టుకుని, "అమ్మకేమైంది?" అని అడిగింది. పక్కన ఎవరో, ఏమీ లేదమ్మా, ఆడుకోపో అన్నారు. నేను దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

"అమ్మకు కష్టంగా ఉంది. డాక్టర్లు చూస్తాండారు. నాకు తెలిసింది ఇంతే. ఇంకేమన్నా తెలిస్తే ముందు నీకే చెప్తా."

అది నా ముఖంలోకి కాసేపు చూసింది. "సరే అవ్వా" అని నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. తలుపు తెరుచుకుని నర్సు నవ్వుతూ బయటికి వచ్చినప్పుడు, నేను ఎవరితోనూ మాట్లాడకముందే మనవరాలిని మెల్లగా తట్టి లేపాను.