రెప్పలు నిమిరిన చేయి

మా ఊరు కినత్తుకడవు నల్లరేగడిలో పత్తి పండేది. ఏ పత్తి మేలో ఏది నాసో వెలుతురుకు పట్టి చూసి వేరు చేయడం మా ఉమ్మడి ఇంట్లో నా పని. నలభై దాటాక నా కండ్లలో తడి ఇంకిపోయింది. రెప్ప వాల్చితే ఇసుక గీసినట్టుండేది. దానికి పెద్ద వదిన మందు చేసేది. వేన్నీళ్లలో పిండిన గుడ్డను మూసిన కండ్ల మీద కాసేపు ఉంచి, వేలికొసకు ఆముదం రాసుకుని, పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల అంచుదాకా మెల్లగా నిమిరేది. అంచున వెన్నలాంటి జిడ్డు వచ్చేది. ఆ పూటకు కన్ను తడిగా తిరిగేది.

కంపెనీ దొరతనం పోయి రాణి దొరతనం వచ్చిన ఏడు అన్న కొడుక్కి చెవులు కుట్టించారు. మాలో తాంబూలం వరస తప్పకూడదు. అన్న తరువాత నాది. వదిన నన్ను దాటి, నాకంటే చిన్నవాడైన పినతండ్రి కొడుక్కి ఇచ్చింది. పందిట్లో అందరూ చూశారు. లేచి వచ్చేశాను. వరస తప్పిన చేయి మళ్లీ బంధువుల ముందు సరిగా ఇచ్చేదాకా ఆ చేతి మంచినీళ్లయినా పుచ్చుకోరాదని మా కట్టుబాటు.

పొరబాటైందని వదిన కబురు పంపింది. తప్పు పందిట్లో జరిగితే కబురు సరిపోదన్నాను. మళ్లీ అందరినీ పిలవడానికి అన్న ఒప్పుకోలేదు.

మందు నేనే చేసుకున్నాను. పత్తి తుక్కు ఇరుక్కున్న గోళ్లతో, రెండు రెప్పలనూ ఒకే వైపుకు, గుడ్డు నొక్కుకునేలా రుద్దాను. తడి రాకపోతే ఇంకా గట్టిగా రుద్దాను. వదినను పిలవమన్నందుకు నా భార్యతోనూ మాట మానేశాను. నెల తిరిగేలోగా కుడి కంటి మీద తెల్లపొర కమ్మింది. ఎడమదీ మండసాగింది.

ఒక పొద్దున వదిన వేన్నీళ్ల చెంబుతో వచ్చింది.

"తాంబూలం వేరప్పా, కన్ను వేరు. పండుకో."

"చేయి అదే కదా" అన్నాను.

"నువ్వు పత్తి ఏరే కాటినుంచి వచ్చేలోగా మీ అమ్మకు కడపటి పాలు పోసిందీ ఈ చెయ్యే. ఆ పొద్దు వరస అడిగితివా?"

అడగలేదు. అడగవలసిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె నీళ్లు పారబోయించి, నా భార్యకు సైగ చేసి వేరే కాయించాను. అప్పుడు పండుకున్నాను. వదిన ఎడమ కన్ను నిమిరింది. కాసేపటికి దూలం మీది పగుళ్లు విడివిడిగా కనిపించాయి. కుడిది అక్కర్లేదన్నాను. అయినా నిమిరింది. వేలు ఆనడం తెలిసింది గాని, రెప్ప తెరిచినా ఆ వేలు కనిపించలేదు.