వనజమ్మత్త కడుపుమంట, కువైట్ ఇస్త్రీపెట్టె

వనజమ్మత్తకు కుళ్లు. ఇది నేను చాటుగా అంటున్న మాట కాదు. ప్రొద్దుటూరులో మా వీధికి కొత్తగా ఎవరు అద్దెకు దిగినా ఆమే చెప్పుకుంటుంది: "నా పేరు వనజమ్మ. నాకు శానా కుళ్లమ్మా. మీరేమన్నా కొంటే మెల్లగా చూపియ్యండి."

ఎవరింట్లో కొత్త వస్తువు దిగినా ఆమెకు నిజంగానే కడుపు మండుతుంది. దానికి మందు మజ్జిగ. ఎదురింటి కృష్ణమ్మ వాషింగ్ మిషన్ తెచ్చిన రోజు అత్త పెరుగు కోసం మాటిమాటికీ అంగడికి పోతుంటే, అంగడాయన "ఏమక్కా, ఇంట్లో ఏం ఫంక్షన్?" అని అడిగాడు.

"చావు," అంది అత్త. "నాదే."

పోనీ ఇంట్లో లేమి ఉందా అంటే అదీ కాదు. ఆదినారాయణ మామకు బట్టల అంగడి ఉంది. "నీకూ అట్లాంటి మిషనే తెస్తా, ఊరుకో," అన్నాడాయన.

"నాకెందుకు? నాకు గావాలని కాదు. ఆమెకెందుకుండాల?"

అన్నిటికంటే పెద్ద మంట గోడ పక్క ఇంటి నుంచే వచ్చేది. ఆ ఇంట్లో గులాబ్‌బీ రవికెలు కుడుతుంది. ఆమె కొడుకు అబ్రార్ కువైట్‌లో ఉంటాడు, ఏదో ఒకటి పంపుతూనే ఉంటాడు. సెంటు సీసా వస్తే అత్త వారం పాటు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగింది. కంబళి వస్తే మాత్రం, మే నెల కాబట్టి, కొంచెం ఊరట పడింది.

పోయిన ఏడాది అబ్రార్ స్నేహితుడు జాకీర్ సెలవుకు వస్తూ ఒక ఇస్త్రీపెట్టె తెచ్చాడు. నీలం రంగు, అద్దంలాంటి అడుగు, ఆవిరి కూడా కక్కుతుందట. వీధి వీధంతా గులాబ్‌బీ ఇంట్లోనే చేరింది. అత్త మజ్జిగ గ్లాసు చేతబట్టుకునే వచ్చింది.

"యామ్మే, ఎంత నున్నగుందో!" అని పెట్టెను నిమిరి, గడగడా తాగేసింది.

తీరా చూస్తే దాని ప్లగ్గుకు పలకల్లాంటి మూడు లావు కాళ్లు. మన బోర్డుకేమో గుండ్రటి బొక్కలు. ఎటు తిప్పినా దూరలేదు. అత్త ముఖం వెలిగిపోయింది.

"ఇమానమెక్కి ఇంత దూరమొచ్చి గోడకాడ నిలబడిపాయనే!"

గులాబ్‌బీ మాత్రం దిగాలుగా కూర్చుంది. "సాయంత్రం జమ్మలమడుగు పెండ్లోళ్లు బట్టలకు వస్తారక్కా. ఇస్త్రీ చేసిస్తానని మాటిచ్చినా. పాత పెట్టె పిడి ఇరిగిపాయ."

ఆమె అన్న నబీ రసూల్ ముందుకొచ్చాడు. ఏ మిషనైనా విప్పగలనని ఆయనకు నమ్మకం, బిగించడం సంగతి వేరు. "ఇంతేగదా!" అని కత్తెరతో ప్లగ్గు కోసేశాడు. పళ్లతో తీగలు ఒలిచాడు. రెండు తీగలు బోర్డు బొక్కల్లో పెట్టి అగ్గిపుల్లలు కుక్కాడు. "ఈ మూడోది పనికిరాదులే," అని దాన్ని వెనక్కి వంచేశాడు. "గులాబూ, పెట్టె పట్టుకో. స్విచ్చి ఏస్తాండా."

"ఆగప్పా!"

అరిచింది వనజమ్మత్త. తీగలు పట్టి లాగి, పెట్టెను చంకన పెట్టుకుని, తన ఇంట్లోకి పోయి గడియ వేసుకుంది.

"చూసినారా! ఓర్వలేక ఎత్తకపాయ," అంది కృష్ణమ్మ.

గులాబ్‌బీ తలుపు కొట్టింది. "ఇంత కుళ్లా వనజక్కా? అడిగింటే నేనే ఇస్తాంటి గదా!" లోపల వెనక తలుపు గడియ తీసిన చప్పుడైంది.

నేను అత్త ఇంటి వెనక వాకిలి వైపు పరుగెత్తాను. అత్త పెట్టెను కొంగులో చుట్టుకుని సందులో ఆటో ఎక్కుతోంది. నన్ను చూసి చెయ్యి పట్టి లోపలికి లాగింది. ఎలక్ట్రికల్ అంగడి చేరేదాకా ఒకటే గొణుగుడు. "పట్టుకుని చూడు, ఎంత బరువుందో! ముట్టుకుంటే కడుపు రగుల్తాంది."

అంగడాయనతో మాత్రం తిన్నగా మాట్లాడింది. "మన గుండ్రటి లావు కాళ్ల ప్లగ్గు పెట్టప్పా. మూడో తీగ మర్చిపోవాకు, అది లేకుంటే షాకు కొడ్తాదంట. ఈ పెట్టె మా పక్కింటామెది, ఆమె ఇంట్లో ఉండేది చిన్న బోర్డు. దీనికి సరిపోయే పెద్దది బిగించను ఒక మనిషిని పంపు, నా ఎంబడే."

ఆయన ప్లగ్గు బిగిస్తుంటే ఉండబట్టలేక అడిగింది: "ఇంతకంటే మంచి పెట్టెలు ఉంటాయా?"

"శానా ఉంటాయక్కా."

"అమ్మయ్య!"

ఆ మనిషి గులాబ్‌బీ ఇంట్లో కొత్త బోర్డు బిగించాడు. స్విచ్చి వేయగానే పెట్టె బుస్సుమని ఆవిరి వదిలింది. అత్త చూడలేక కళ్లు మూసుకుంది. గులాబ్‌బీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నేనంటే ఇంత ప్రేమ అనుకోలేదు వనజక్కా."

"ప్రేమా లేదు, దోమా లేదు. షాకు కొట్టి నువ్వు పోతే అబ్రార్ ఇంక ఎవరికి పంపిస్తాడు? నేను ఎవర్ని చూసి కుళ్లుకోవాల? కృష్ణమ్మ ఉంది గానీ, ఆమె కొనేవన్నీ నాసిరకం."

గులాబ్‌బీ నవ్వుతూనే పనిలోకి దిగింది. ఆమె ఒక్కో రవికె ఇస్త్రీ చేసి ఇస్తుంటే, అత్త పక్కనే కూర్చుని, ప్రతి మడతకూ ఒక నిట్టూర్పు విడుస్తూ సర్దిపెట్టింది. పెండ్లివాళ్లు వచ్చేసరికి మూట సిద్ధం కావాలి కదా అని నేనూ చెయ్యి వేయబోయాను.

"నువ్వు పో," అంది అత్త. "దగ్గర కూచ్చోని తీరిగ్గా కుళ్లుకుంటాండా."