దశమి నాటి గడియారం

సునీతకు ఒకచోట కాలు నిలవదు. బందరు దగ్గర మంగినపూడి పక్క పల్లెలో, చేపల వేటకు వెళ్లే గంగన్న కూతురు. గాలి మారితే ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసే ఇల్లు వాళ్లది. ఆ అలవాటే ఇప్పుడామెకు అన్నం పెడుతోంది. గుడివాడలో జనార్దనరావు గారి ఆఫీసులో ఆమె ఒక సర్వరును కనిపెట్టుకుని ఉంటుంది. వాతావరణ హెచ్చరిక వచ్చిందంటే, దాన్ని అందుకుని దివిసీమ నుంచి బందరు దాకా నాలుగు వందల పడవల వాళ్ల ఫోన్లకు మెసేజ్ పంపడం ఆ సర్వరు పని.

రెండేళ్ల కిందట ఎవడో ఆకతాయి అందులోకి దొంగ హెచ్చరిక దూర్చాడు. మూడు రోజులు పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, తీరా చూస్తే సముద్రం చెరువులా ఉంది. ఊరంతా సునీతను ఆడిపోసుకుంది. ఆ ఉక్రోషంతో ఆమె అంతా కట్టుదిట్టం చేసేసింది. అవతలి వాతావరణ శాఖ సర్వరు తన సర్టిఫికెట్, అంటే గుర్తింపు పత్రం, చూపిస్తే తప్ప ఒక్క అక్షరం లోపలికి రాదు. చేత్తో టైపు చేసి పంపే దారి అసలే లేదు. ఆపైన ఊళ్లో ఇంటింటికీ తిరిగి, "ఎవరి నోటి మాటా నమ్మొద్దు. మెసేజ్ వస్తేనే ఆగండి" అని నూరిపోసింది.

ఈ శుక్రవారం పొద్దున పదింటికి సర్వరు మొండికేసింది. అవతలి వాళ్లు అప్పుడే సర్టిఫికెట్ మార్చారు. అది చూపిస్తుంటే ఇక్కడి సర్వరు, "దీని గడువు ఇంకా మొదలు కాలేదు" అని తలుపు మూసేస్తోంది. సునీత తన ఫోన్లో అదే పేజీ తెరిస్తే శుభ్రంగా తెరుచుకుంది. సాయంత్రానికి ఈదురుగాలులు, వేటకు వెళ్లరాదని ఎర్రక్షరాల్లో ఉంది. ఒంటిగంట పోటుకు పడవలు కదులుతాయి. వెంటనే తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, ఇవాళ వెళ్లకండి. గాలి వస్తుందంట."

"మెసేజ్ రాలేదుగా అమ్మా?"

"సర్వరు పాడైంది. నేను చెప్తున్నాగా!"

"ఎవరి మాటా వినొద్దంది నువ్వేగా. మళ్లీ అప్పటిలా అయితే ఊళ్లో తలెత్తుకోలేను. మీ అన్న వలలు ఎక్కించేస్తున్నాడు."

తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఇదే. సునీత సర్వరును ఆపి మళ్లీ నడిపింది. నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితా కొత్తది తెచ్చి పెట్టింది. అదే మొండితనం. పన్నెండు దాటింది. తనిఖీ మానేయమని ఒక్క వరుస రాస్తే చాలు, అన్నీ లోపలికి వచ్చేస్తాయి, దొంగలతో సహా. రాసింది, చెరిపింది. అన్న గోపి ముఖం కళ్ల ముందు తిరుగుతోంది. కుర్చీలోంచి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"కాస్త మజ్జిగన్నా తాగమ్మా," అంటూ జనార్దనరావు గారు గ్లాసు తెచ్చారు. గ్లాసు పెట్టడానికి ఫోను జరపబోయి సునీత ఆగిపోయింది. ఫోన్లో శుక్రవారం. సర్వరు తెర మూలన మంగళవారం.

"ఈ తేదీ ఎవరు మార్చారండీ?"

ఆయన నీళ్లు నమిలారు. "మూడు వారాల కిందట ఈ కొత్త మిషను దశమి బుధవారం మొదలెట్టాలని ముహూర్తం కదమ్మా. అది చూస్తే శనివారానికి గానీ చేరలేదు. కనీసం దాని లెక్కలోనైనా దశమి నాడే మొదలైనట్టు ఉంటుందని వెనక్కి తిప్పాను. దానంతటదే సరిచేసుకుంటుంటే ఆ ఏర్పాటు కూడా ఆపేశాను."

ఇవాళ పుట్టిన సర్టిఫికెట్ మంగళవారంలో ఉన్న మిషనుకు ఎలా చెల్లుతుంది? సునీతకు ఆయన మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. మూడు వారాలుగా ఆ తెర ముందే కూర్చుని, ఒక్కసారీ ఆ మూల చూడలేదు. తేదీ సరిచేసింది. తలుపు తెరుచుకుంది. పన్నెండూ యాభైకి నాలుగు వందల మెసేజ్‌లు వెళ్లాయి.

తండ్రి ఫోన్ ఎత్తలేదు. అన్న ఫోన్ కలవలేదు. సునీత గదిలో గోడ నుంచి గోడకు తిరిగింది. జనార్దనరావు గారు గుమ్మంలో నిలబడి ఏ దేవుడికో దణ్ణం పెట్టుకుంటున్నారు. ఒంటిగంటన్నరకు ఫోన్ మోగింది.

"వచ్చిందమ్మా మెసేజ్. మీ అన్న సముద్రం మొగ దాకా వెళ్లి పడవ వెనక్కి తిప్పేశాడు. అందరూ ఒడ్డునే ఉన్నారు."

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఇంకోసారైనా నా మాట వింటావా నాన్నా?"

"అదీ మెసేజ్ పెట్టమ్మా," అన్నాడు గంగన్న. "వింటాం."