తుప్పు మాస్టారి లారీ

బస్సుల షెడ్డులో మా బాబాయిని అందరూ తుప్పు మాస్టారంటారు. ముప్పై ఏళ్ళుగా బస్సులకు పట్టిన తుప్పు గీకి, సొట్టలకు లప్పం పెట్టి, రంగు కొట్టడం ఆయన పని. అంతటితో ఆగితే బాగుండేది. ఇంటికొచ్చి నడుమైనా వాల్చకుండా బొమ్మ లారీలకు అదే తుప్పు పూస్తూ కూర్చుంటాడు. "అక్కడ గీకింది తెచ్చి ఇక్కడ పూస్తున్నావా బాబాయ్?" అంటే నవ్వడు. ఉన్న ఓపికంతా షెడ్డులోనే అయిపోతుందేమో.

అవి ఆయన ఏనాడూ కళ్ళారా చూడని అమెరికా లారీలు. పొడుగాటి ముక్కు, రెండు పక్కలా నిలువు పొగగొట్టాలు, పద్దెనిమిది చక్రాలు. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి. వాటిని అతికించి, గరుకు కాగితంతో రుద్ది, నిగనిగలాడే రంగు వేస్తాడు. అక్కడినుంచి అసలు పిచ్చి మొదలవుతుంది. రంగు సుద్దలు అరగదీసిన పొడిని సన్న కుంచెతో అద్ది, వేల మైళ్ళు తిరిగొచ్చిన దుమ్మంతా దానికి పట్టిస్తాడు.

ఈసారి ఎర్ర లారీ మీద ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఆదివారం బొమ్మ బండ్ల పోటీ ఉందని, జన్మలో మొదటిసారి పేరిచ్చాడు. దానికి కారణం నాకొక్కదానికే చెప్పాడు.

"చెయ్యి వణుకుతోందమ్మా. ఇదే ఆఖరుది. ఇంకోటి నా వల్ల కాదు."

పిన్ని ఒక ఆఫీసులో ఏడంతస్తులూ తుడుస్తుంది. ఆమెకు ఆ లారీల మీద ఇష్టమూ లేదు, కోపమూ లేదు. ఒళ్ళు హూనమై వచ్చిన మనిషికి ఆ రెండింటికీ తీరికెక్కడిది? కానీ ఒక్కదాన్నయినా ఆమె తేరిపార చూడలేదన్న బాధ బాబాయికి ఉంది. పైకి అనడు, అంతే.

శనివారం పిన్నికి సెలవు. ఆ సాయంత్రం బాబాయి లారీకి ఆఖరి పైపూత కొట్టాలి. అది పడితేగానీ సుద్దపొడి నిలవదు. ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళకే నేనూ వెళ్ళాను. లారీ బల్లమీద తువ్వాలు పరుచుకుని, తడితడిగా, పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది.

"ఏమే, ఏంటిది?" అన్నాడు బాబాయి పిన్నితో.

"రేపు పదిమందిలో పెట్టేది కదండీ. అంత దుమ్ముతో ఎలా పంపను? సబ్బునీళ్ళలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో తోమా. ఆ సందుల్లో తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అది దుమ్ము కాదు పిన్నీ! బాబాయి ఎనిమిది నెలలు కూర్చుని వేసిన రంగు!"

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని లారీ వంక చూశాడు.

"నిజం దుమ్మే అనుకున్నావా?" అన్నాడు.

"మరి? ఇరవై ఏళ్ళుగా ఎత్తిపోస్తున్నా. దుమ్మేదో నాకు తెలీదా?" ఏడుపు తన్నుకొస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి లారీ ఎక్కే మెట్టు దగ్గర తుప్పో?"

"అదొక్కటే వదల్లేదండీ. లోపలికంటా తినేసిందనుకున్నా."

ఆ తుప్పు సుద్దపొడి కాదు, ఎనామిల్ రంగు; అందుకే సబ్బునీళ్ళకు పోలేదు. బాబాయి లారీని ఎత్తి, ఆ మెట్టును వేలితో తడిమాడు. నవ్వాడు. ఆయన నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు.

"రేపు పోటీకి ఏం పట్టుకెళ్తావ్ బాబాయ్?" అన్నాను. నా కోపం ఇంకా దిగలేదు.

"ఏం లేదమ్మా. వెళ్ళను. చూడాల్సిన మనిషి చూసేసింది."

ఆయన అంత తేలిగ్గా అనేశాడు గానీ, ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఆదివారం పదింటికి వెళ్ళి తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు. లేపకుండా వచ్చేశాను.